1998 నాటి ఇల్లు సర్దిన రోజులు

నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని. తెర మీద కనిపించే ఇంట్లో గిన్నె దగ్గర్నుంచి గోడ మేకు దాకా సమకూర్చేది మేమే. ఆ మధ్య ఒక కుటుంబ కామెడీ సిరీస్‌కి పనిచేశాను. కథ 1998 వేసవిలో, తెనాలి దగ్గర ఒక చిన్న ఊళ్లో జరుగుతుంది. నాన్న సహకార బ్యాంకులో గుమస్తా. అమ్మ ఇంట్లోనే ఉంటుంది. అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తుంటుంది. తమ్ముడు ఆరో తరగతి. పెద్దవాడైపోయిన ఆ తమ్ముడే మనకు కథ చెబుతుంటాడు.

సిరీస్ పేరు, అందులో పనిచేసిన వాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. పని ఎలా సాగిందో మాత్రం వివరంగా చెప్పాలని ఉంది. ఎందుకంటే పాతకాలం ఇల్లు అనగానే ఒక ల్యాండ్‌లైను, నాలుగు క్యాసెట్లు, ఒక డబ్బా టీవీ పెట్టేస్తే సరిపోతుందని మా ఫీల్డులోనే చాలామంది అనుకుంటారు. మేమందరం ఈ పనిలో నేర్చుకున్నది దానికి పూర్తిగా వేరు. ఇంట్లో ఏమున్నాయో వెతకడం కన్నా ఏం లేవో కనుక్కోవడమే అసలు పని. నవ్వు కూడా అక్కడి నుంచే పుట్టింది.

పని మొదలుపెట్టే ముందు మా డైరెక్టర్‌గారు అందర్నీ కూర్చోబెట్టి 'ది వండర్ ఇయర్స్' ఎపిసోడ్లు కొన్ని చూపించారు. 1988 నుంచి 1993 దాకా అమెరికాలో ఏబీసీ ఛానెల్‌లో వచ్చిన సిరీస్ అది. కెవిన్ ఆర్నాల్డ్ అనే కుర్రాడు 1968 నుంచి 1973 వరకు ఎలా ఎదిగాడన్నది కథ. అంటే కథాకాలానికీ, చూసేవాళ్ల కాలానికీ మధ్య ఇరవై ఏళ్ల తేడా. పెద్దవాడైన కెవిన్ గొంతు వెనక నుంచి వినిపిస్తూ ఉంటుంది. జనం నవ్విన శబ్దం అతికించరు. మొదటి ఎపిసోడ్‌లోనే వాళ్ల వీధిలో ఉండే అమ్మాయి వినీ అన్నయ్య వియత్నాం యుద్ధంలో చనిపోయాడన్న కబురు వస్తుంది. కామెడీ అని పేరు పెట్టుకుని అంత ధైర్యం చేశారు వాళ్లు. సార్ మాత్రం మాకు ఇంకొకటి చూడమన్నారు. ఆఫీసు నుంచి వచ్చిన తండ్రి మొహాన్ని బట్టి ఆ సాయంత్రం ఎలా గడవబోతోందో ఇంటిల్లిపాదీ తేల్చుకుంటారు. "ఆ తండ్రి కూర్చునే కుర్చీ కావాలి నాకు. మన ఇళ్లలో అదేది?" అని అడిగారు. ఎవరో పడక్కుర్చీ అన్నారు. గుడ్డ పడక్కుర్చీ. మేం రాసుకున్న మొదటి వస్తువు అదే.

మన దగ్గర ఇలాంటి కథ నడుస్తుందా అన్న అనుమానం అప్పటికి తీరిపోయింది. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో శివాజీ, వాసుకి అమ్మానాన్నలుగా వచ్చిన 'నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'ని మా ఇళ్లలో అందరూ చూశారు. మా నిర్మాతకు ధైర్యం ఇచ్చింది కూడా అదే. కాబట్టి ఎందుకు చేస్తున్నాం అన్న ప్రశ్న లేదు, ఎలా చేయాలన్నదే మా టెన్షన్.

ఆర్ట్ డైరెక్టర్ అన్న మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "తొంభై ఎనిమిదిలో ఉన్న ఇంట్లో తొంభై ఎనిమిదిలో కొన్న వస్తువులు ఎన్నుంటాయి? మహా అయితే రెండో మూడో. మిగతావన్నీ అంతకుముందువే." అందుకని ప్రతి వస్తువు పక్కనా అది కొన్న సంవత్సరం రాయడం మొదలుపెట్టాం. అమ్మానాన్నల పెళ్లి 1979లో జరిగిందనుకున్నాం. బీరువా, పందిరి మంచం, ఇత్తడి బిందెలు, స్టీలు సామాను ఆ ఏడాదివి. స్కూటరు బజాజ్ చేతక్. బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న 1985 నాటి బండి. ఆ రోజుల్లో బజాజ్ బండికి అంత గిరాకీ. 1989లో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి రాకముందు కొన్నది కాబట్టి దానికి ఏపీ 7 అనే గుంటూరు జిల్లా నంబరు కూడా కుదరదు, అంతకన్నా పాత తరహా ప్లేటు ఉండాలి. టీవీ తలుపుల చెక్క పెట్టెలో ఉండే బ్లాక్ అండ్ వైట్ డయనోరా. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు కొన్నారు. వీధిలో సగం ఇళ్లలో కలర్ టీవీ, కేబులూ వచ్చేసినా ఈ నాన్న మాత్రం "పనిచేస్తున్నదాన్ని ఎందుకు మార్చాలి?" అంటాడు. ఆ ఏడాది ఇంట్లోకి కొత్తగా వచ్చింది అమ్మాయి సైకిలు ఒక్కటే. ఈ లెక్క రాసుకున్నాక రచయిత వచ్చి కాగితం చూసి, తన స్క్రిప్టులో ఉన్న ఫ్రిజ్ సీను కొట్టేశాడు. ఫ్రిజ్ బదులు కిటికీ పక్కన ఇసుకలో కుండ వచ్చింది. చల్లనీళ్ల కోసం పిల్లలు పక్కింటికి సీసా పట్టుకెళ్లే సీను దానివల్లే పుట్టింది.

సంవత్సరాలు సరిచూడటం కూడా నా పనే. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. తమ్ముడి గదిలో గోడకి ఇండియా మ్యాపు కావాలి. బజారులో దొరికే మ్యాపులో తెలంగాణ ఉంటుంది, అది 2014 జూన్‌లో ఏర్పడింది. సరే, అంతకుముందు అచ్చయిన మ్యాపు తెచ్చినా చాలదు. ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్ మూడూ 2000 నవంబరులో వచ్చాయి. 1998 మ్యాపులో 25 రాష్ట్రాలే ఉండాలి. బొంబాయి ముంబై అయిపోయింది, మద్రాసు చెన్నై అయిపోయింది, కలకత్తా మాత్రం ఇంకా కలకత్తానే. అలాంటిది చివరికి కోఠీలో పాత పుస్తకాల దగ్గర ఒక స్కూలు అట్లాసులో మడతపెట్టి దొరికింది. దాన్ని స్కాన్ చేసి పెద్దగా ప్రింటు వేయించాం. పక్కనే సౌర కుటుంబం చార్టు. అందులో తొమ్మిది గ్రహాలుండాలి, ఎందుకంటే ప్లూటోని గ్రహాల లెక్కలోంచి తీసేసింది 2006లో.

టెలిఫోను బిల్లు మీద బీఎస్ఎన్ఎల్ అని ఉండకూడదు. ఆ సంస్థ పని మొదలుపెట్టిందే 2000 అక్టోబరు 1న. అంతకుముందు టెలికం శాఖే నేరుగా బిల్లు ఇచ్చేది. కరెంటు మీటరు పక్కన వేలాడే కార్డు మీద ఏపీఎస్ఈబీ అని ఉండాలి. బోర్డును విడగొట్టి ట్రాన్స్‌కో, జెన్‌కోలు చేసింది 1999 ఫిబ్రవరిలో. కిరాణా కొట్టు పలక మీద ధరలు రాసేటప్పుడు ఇప్పటి రూపాయి గుర్తు వేయకూడదు, అది 2010లో వచ్చింది. 'రూ.' అని రాసి పక్కన చిన్న గీత పెట్టాలి. నాన్న జేబులోంచి తీసే పది నోటు, వంద నోటు మీద గాంధీగారి బొమ్మ ఉండొచ్చు, ఆ వరస 1996లోనే మొదలైంది. ఇరవై నోటు మీద మాత్రం ఉండకూడదు. వెనక కోణార్క చక్రం ఉన్న పాత నోటే కావాలి. బిస్కెట్ ప్యాకెట్ మీద శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క ఉండకూడదు, ఆహార భద్రత సంస్థ ముద్ర అసలే ఉండకూడదు.

ఇంత దూరం ఎవరు చూస్తారండీ అని ప్రొడక్షన్ వాళ్లు అడిగారు. చూస్తారు. ఆ మ్యాపు ముందు కూర్చుని చదువుకున్నవాళ్లే కదా చూసేది. ఎక్కడ తేడా ఉందో నోటితో చెప్పలేకపోయినా, ఇది మా ఇల్లు కాదు అని వాళ్లకి తెలిసిపోతుంది. కామెడీలో అది ఇంకా ప్రమాదం. నమ్మనివాడు నవ్వడు.

సామాను కోసం హైదరాబాద్‌లో జుమ్మెరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత, కృష్ణానగర్‌లో సినిమాలకి ప్రాపర్టీ అద్దెకిచ్చే షాపులు అన్నీ తిరిగాం. షాపుల్లో దొరికేవి ఇప్పటికే ఎన్నో సినిమాల్లో కనిపించినవి. అదే ఎర్ర ఫోను, అదే రేడియో. అందుకని ఆర్ట్ డైరెక్టర్ అన్న "ఇళ్లలోంచి తెద్దాం" అన్నాడు. మా అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ అటక మీది నుంచి నూతన్ కిరోసిన్ స్టవ్వు దింపించింది. పప్పులు పోసుకునే హార్లిక్స్ సీసాలు, కరివేపాకు మొక్క పెట్టిన డాల్డా డబ్బా, తలుపు మూల కొట్టుకోకుండా కట్టిన పాత చీర అంచు కూడా పంపించింది. ఆ చీర అంచు సంగతి మా అమ్మ చెప్పకపోతే ఎవరికీ తట్టేది కాదు.

స్టీలు సామాను దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాం. మన ఇళ్లలో స్టీలు గిన్నె మీద పేరు లేకుండా ఉండదు. ఎవరు ఇచ్చారు, ఎవరి పెళ్లికి ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, అన్నీ చెక్కి ఉంటాయి. అద్దెకి తెచ్చిన గిన్నెల మీద వేరే పేర్లున్నాయి, కొత్తవాటి మీద ఏమీ లేవు. తెనాలి బజారులో ఒక సామాన్ల కొట్టులో చెక్కే మిషను ఇంకా ఉందని తెలిసి వెళ్లాం. కొట్టాయన డెబ్బై దాటిన మనిషి. మిషను అంటే అరచేతిలో పట్టే ముక్క, ముందు సన్నటి సూది, వెనక వైరు. గిన్నెని ఒడిలో పెట్టుకుని, ఎడమచేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ, కుడిచేత్తో చెక్కుతాడు. గీత గీసినట్టు ఉండదు, చుక్క పక్కన చుక్క పడుతూ అక్షరం అవుతుంది. 'చి.ల.సౌ.' అని రాయడానికి ఆయన కళ్లు గిన్నె మీద ఉండక్కర్లేదు. ఎన్ని వేల పెళ్లిళ్లకి చెక్కి ఉంటాడో, చెయ్యే రాసుకుపోతుంది.

"మీ అమ్మాయి పెళ్లికామ్మా?" అని అడిగాడు.

"కాదు బాబాయ్, సిరీస్‌కి. 1979లో చెక్కినట్టు ఉండాలి."

ఆయన మిషను ఆపి నావైపు చూశాడు. "అయితే ఇంత నున్నటి గిన్నెలు కాదమ్మా. అప్పటి స్టీలు దళసరిగా ఉండేది. అంచు మడత కూడా వేరు." లోపలికి వెళ్లి, ఎప్పుడో పాత సామాను కింద మార్చుకుని ఉంచిన గిన్నెల మూట తెచ్చాడు. వాటి మీద చెక్కించాం. కొత్తగా పడిన చుక్కలు తళతళలాడుతుంటే, మా కుర్రాళ్లు రోజూ బూడిద, చింతపండు, కొబ్బరిపీచుతో తోమి అక్షరాలు అరిగేలా చేశారు. మూట కట్టిస్తూ ఆయన ఇంకో మాట అన్నాడు. "ఒకదాని మీద వేరే ఇంటిపేరు వెయ్యమంటావా? ప్రతి ఇంట్లోనూ పక్కింటి గిన్నె ఒకటి ఉండి తీరుతుందమ్మా. ఏ ఫంక్షన్లోనో మారిపోయి వచ్చేస్తుంది."

అదే రాత్రి రచయితకి చెప్పాను. మూడో ఎపిసోడ్ మొత్తం ఆ గిన్నె మీదే నడుస్తుంది. వేరే ఇంటిపేరు ఉన్న గిన్నెలో అమ్మ పొరపాటున పులిహోర పెట్టి, ఆ ఇంటికే పంపిస్తుంది. ఆ కొట్టాయన పేరు టైటిల్స్‌లో వేయాలని నేను పట్టుబట్టాను. వేశారు.

షూటింగ్ కోసం అద్దెకి తీసుకున్నది ఒక పాత పెంకుటిల్లు. ముందు అరుగులు, మధ్యలో హాలు, వెనక వసారా, దాని మీదుగా చిన్న డాబా. ఇంటావిడకి ఎనభై దగ్గర పడింది. మేం మామ్మగారూ అని పిలిచేవాళ్లం. పిల్లలు విదేశాల్లో ఉంటారు, ఆవిడ వెనక గదిలో ఉంటూ ముందు భాగం మాకిచ్చారు. మొదట్లో గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఊరికే చూసేవారు. హాల్లో చిన్న బల్ల మీద ఫోను పెట్టి, దాని మీద నేను కుట్టుపని గుడ్డ కప్పుతుంటే పిలిచారు.

"అమ్మాయ్, ఆ ఫోనేమిటి?"

"ఇంట్లో ఫోను మామ్మగారూ. అప్పటికి ఫోన్లు వచ్చేశాయిగా."

"వస్తే? గుమస్తా ఇంటికి వస్తాయా? ఈ వీధి మొత్తానికీ ఎదురింటి మాస్టారి దగ్గరే ఉండేది. మా పెద్దాడు ఫోన్ చేస్తే వాళ్ల పిల్ల వచ్చి కేకేసేది. స్టవ్వు మీద పాలు అట్లా వదిలేసి పరిగెత్తేదాన్ని."

అది వినగానే నాకు మా ఇంటి శుభలేఖల మీద ఫోను నంబరు పక్కన బ్రాకెట్లో ఉండే 'పీపీ' గుర్తొచ్చింది. నంబరు మనది కాదు, పక్కింటివాళ్లది, దయచేసి పిలిపించండి అని దాని అర్థం. డైరెక్టర్‌గారిని తీసుకొచ్చి మామ్మగారి దగ్గర కూర్చోబెట్టాను. మాస్టారి ఇంట్లో ఫోనుకి డయల్ చిల్లులో చిన్న తాళం వేసి ఉండేదట. బయటి నుంచి వచ్చిన ఫోన్లు మాట్లాడనిస్తారు, మనం చేసుకోవడానికి మాత్రం ఉండదు. చేయాలంటే సెంటర్లో పసుపు బోర్డు ఎస్టీడీ బూత్‌కి వెళ్లాల్సిందే. రాత్రి పదకొండు దాటితే పావు రేటు, అందుకని జనమంతా ఆ వేళకే వరస కట్టేవాళ్లు. ఫోన్లో మాట్లాడినదంతా మాస్టారి భార్యకి, ఆవిడ ద్వారా వీధికి తెలిసిపోయేదని చెబుతూ మామ్మగారు పకపకా నవ్వారు.

మర్నాడే హాల్లోంచి ఫోను తీసేశాం. ఎదురిల్లు కూడా మాట్లాడుకుని అక్కడ పెట్టాం. మొదటి స్క్రిప్టులో అమ్మాయికి మేనమామ నుంచి ఫోన్ వస్తే సోఫాలో కూర్చుని మాట్లాడుతుంది. ఇప్పుడదే సీను ఎట్లా మారిందంటే, ఎదురింటి పిల్ల కేకేస్తుంది, ఇంటిల్లిపాదీ రోడ్డు దాటి పరిగెత్తుతారు, నాన్న ఒక్కడే చెప్పులు వెతుక్కుంటూ వెనకబడతాడు, తీరా వెళ్లేసరికి అక్కడ మాస్టారి కుటుంబమంతా చుట్టూ కూర్చుని ఉంటుంది. అంతమంది మధ్య అమ్మ తన అన్నయ్యని డబ్బు సర్దమని అడగాలి. అడగలేక వాతావరణం గురించి మాట్లాడుతుంది. స్క్రిప్టు రీడింగ్‌లో మేమందరం నవ్వాం, ఆ చివరి మాటకి ఎవరికీ నవ్వు రాలేదు. ఇంట్లో ఫోను ఉండి ఉంటే ఈ సీనే లేదు.

వంటింటి తలుపు పక్కన వెంకట్రామా అండ్ కో క్యాలెండర్ కావాలి. 1998లో తారీకులు, వారాలు ఎలా పడ్డాయో 2015లోనూ అచ్చం అలాగే పడ్డాయి, రెండూ గురువారమే మొదలయ్యాయి. కాబట్టి 2015ది తెచ్చి సంవత్సరం మారిస్తే సరిపోతుందని ఒకరన్నారు. సరిపోదు. తిథులు కలవవు, పండగలు కలవవు, 2015లో మన్మథ నామ సంవత్సరం, 1998లో బహుధాన్య. చూసేవాళ్లలో ఏ పెద్దావిడో ఏకాదశి ఎప్పుడని క్యాలెండర్ వంక చూసే తీరుతుంది. పాతది ఒకటి సంపాదించి, దాన్ని చూసి కొత్తగా అచ్చు వేయించాం. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. క్యాలెండర్ మీద పాల లెక్క ఉండాలి. మా అమ్మ రాసే పద్ధతి నాకు తెలుసు. మామూలు రోజున ఏమీ రాయదు. అర లీటరు ఎక్కువ పోయించుకుంటే చుక్క, పాలవాడు రాకపోతే సున్నా. గ్యాస్ బండ వచ్చిన రోజు చుట్టూ గీత. చాకలికి వేసిన బట్టల లెక్క కింద అంచున. రెండు నెలల లెక్క నేనే కూర్చుని, అరిగిపోయిన రీఫిలు పెన్నుతో రాశాను. కథ ప్రకారం మే నెలలో చుట్టాలొస్తారు కాబట్టి ఆ వారమంతా చుక్కలు. ఒక ఎపిసోడ్‌లో నాన్న ఆ చుక్కలు లెక్కపెడుతూ నిలబడతాడు. డైలాగు లేదు. మధ్యతరగతి బడ్జెట్ గురించి అంతకన్నా బాగా చెప్పే సీను మా సిరీస్‌లో ఇంకోటి లేదని నా నమ్మకం.

టీవీ దగ్గర సాంకేతికంగా కొంచెం కష్టపడ్డాం. పాత పిక్చర్ ట్యూబు టీవీ సెకనుకి 50 సార్లు బొమ్మ గీస్తుంది. మామూలుగా మేం తీసే 24 ఫ్రేముల్లో తీస్తే తెర మీద నల్లటి పట్టీ కిందికి పైకి పాకుతూ కనిపిస్తుంది. టీవీ ఉన్న సీన్లన్నీ 25 ఫ్రేముల్లో, షట్టర్ సెకనులో యాభయ్యో వంతు పెట్టి తీశారు మా కెమెరామన్. అప్పటి టీవీకి యాంటెన్నా తీగ తప్ప ఇంకే దారీ లేదు, గాలిలో అప్పటి ప్రసారమూ లేదు. ఒక చిన్న మాడ్యులేటర్ డబ్బాతో మా వీడియోని యాంటెన్నా సిగ్నల్‌గా మార్చి పంపించాం. దానివల్ల ఒక లాభం కలిగింది. తీగ కాస్త వదులు చేస్తే నిజంగానే చుక్కలు పడతాయి. కంప్యూటర్లో కలపాల్సిన అవసరం రాలేదు.

యాంటెన్నా సీను రోజున తమ్ముడు డాబా మీద, అక్క వసారాలో, అమ్మ టీవీ ముందు. శుక్రవారం చిత్రలహరి మొదలవబోతుంది.

"వచ్చిందా?"

"రాలా!"

"ఇప్పుడు?"

"బొమ్మొచ్చింది, మాట రాలా! అట్లాగే ఉండు, కదలకు!"

ఆ కదలకు అనే మాటతో వాడు పాటలన్నీ అయ్యేదాకా యాంటెన్నా పట్టుకుని పైనే నిలబడాలి. నిలబడి, పాట విని ఏ సినిమానో కిందికి కేకేసి చెబుతుంటాడు. ఆ పాత్ర వేసిన బాబు 2013లో పుట్టాడు. యాంటెన్నా ఎందుకు తిప్పాలో వాడికి ముందు అర్థం కాలేదు. చెబితే కుదరదని, మాడ్యులేటర్‌కి చిన్న ఏరియల్ తగిలించి, వాడు తిప్పినప్పుడల్లా కింద బొమ్మ నిజంగా మారేలా ఏర్పాటు చేశాం. అంతే, ఆ తర్వాత వాణ్ని డాబా దింపడమే కష్టమైపోయింది. టేకుల మధ్య కూడా "ఇప్పుడు వచ్చిందా ఆంటీ?" అని నన్నే అడిగేవాడు. మాస్టారి ఇంట్లో డయల్ ఫోను కూడా అలాగే నేర్పాం. అంకె తిప్పాక డయల్ వెనక్కి వచ్చేదాకా ఆగాలి. పిల్లలు ఆగలేకపోయేవాళ్లు, వేలితో వెనక్కి నెట్టేసేవాళ్లు. ఆగడం వచ్చేసరికి వాళ్ల నడక, మాట కూడా కొంచెం నెమ్మదించాయి. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, ఎడిటింగ్‌లో మొదటి వారం షాట్లు, చివరి వారం షాట్లు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

డాబా మీద నుంచి చూస్తే చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ డీటీహెచ్ గొడుగులే. వీధివాళ్లని అడిగితే కొందరు తీసి పక్కన పెట్టారు, మిగతావాటి మీద ఆరేసిన చీరలు కప్పాం. మామిడిపండ్లు పంచి ఒప్పించింది మామ్మగారే.

పాటల దగ్గర ఇంకో చిక్కు. 'ది వండర్ ఇయర్స్'లో అప్పటి పాటలు బోలెడన్ని వాడారు. వాటి హక్కుల చిక్కుల వల్ల సిరీస్ మొత్తం డీవీడీగా రావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. మాకు అసలు అంత బడ్జెట్టే లేదు. చిత్రలహరిలో ఒకటి రెండు పాటలకి హక్కులు కొని, వంటింటి రేడియోలో మాత్రం పాటలు మానేశాం. దాని బదులు విజయవాడ కేంద్రం తరహాలో ప్రాంతీయ వార్తలు, పొలం పనుల కార్యక్రమం మేమే రాసుకుని డబ్బింగ్ ఆర్టిస్టులతో చదివించాం. వరికి ఎరువు ఎంత వేయాలో ఒక గొంతు చెబుతుంటే అమ్మ దోసెలు పోస్తుంటుంది. పాట కన్నా అదే బాగుందని ఇప్పటికీ అంటాను.

ఒక్క విషయంలో కెమెరా డిపార్ట్‌మెంట్‌తో గట్టిగా వాదించాను. పాతకాలం అనగానే ఫ్రేమంతా పసుపుగా, తేనె రంగులో ముంచేస్తున్నారు. నాకది నచ్చదు. మా చిన్నప్పటి ఇళ్లు పసుపుగా లేవు. నీలిమందు కలిపిన సున్నం గోడలు, ఆకుపచ్చ తలుపులు, రాత్రయితే తెల్లటి ట్యూబులైటు, అది వెలగడానికి ముందు టపటపలాడే స్టార్టరు. పసుపు వెలుగు కరెంటు పోయినప్పుడే, కిరోసిన్ దీపంలోనే వచ్చేది. చివరికి అలాగే తీశారు. కరెంటు పోయిన సీన్లలో మాత్రమే తెర పసుపుగా మారుతుంది, అందుకే అవి విడిగా తెలుస్తాయి.

ఆఖరి ఎపిసోడ్ పదో తరగతి ఫలితాలది. అప్పట్లో ఫలితాలు పేపర్లో పడేవి. పేజీ నిండా సన్నటి హాల్‌టికెట్ నంబర్లు, తరగతుల వారీగా. నంబరు ఉంటే పాస్, లేకపోతే లేదు. ఉన్న పత్రికల పేరు వాడటం కుదరదు కాబట్టి పత్రిక మేమే తయారు చేసుకున్నాం. మామూలు కాగితం మీద వేస్తే తెల్లగా మెరిసింది. ఒక ప్రెస్‌ వాళ్లని బతిమాలి న్యూస్‌ప్రింట్ రీలులో మిగిలిన ముక్క తెచ్చి, దాని మీద అచ్చు వేయించాం. సిరా వేలికి అంటాలి, అది ముఖ్యం. అమ్మాయి నంబరు ఏ వరసలో, ఎన్నో స్థానంలో ఉండాలో డైరెక్టర్‌గారు, నేను చాలాసేపు చర్చించుకున్నాం. ఫస్ట్ క్లాసు వరసల్లో నాన్న వెతుకుతాడు, కనపడదు. సెకండ్ క్లాసులో వెతుకుతాడు, కనపడదు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాదు. తమ్ముడు వచ్చి, నాన్న వేసుకున్నవి అమ్మ కళ్లజోడని చూపిస్తాడు. అసలు కళ్లజోడు పెట్టుకున్నాక ఫస్ట్ క్లాసు మొదటి పేరాలోనే ఉంటుంది నంబరు. నాన్న పాత్ర వేసిన నటుడు ఆ నంబరు మీద వేలు పెట్టి, ఎంతసేపైనా తీయడు. వేలు ఎత్తినప్పుడు సిరా మరక కనిపిస్తుంది. అది స్క్రిప్టులో లేదు, కాగితం వల్ల వచ్చింది.

విడుదలయ్యాక మామ్మగారు వాళ్ల పిల్లలతో కలిసి వీడియో కాల్‌లో చూశారు. ఫోన్ సీను రాగానే అక్కడ ఉన్న పెద్దబ్బాయి "అమ్మా, ఇది మన ఇల్లేగా" అన్నాడట. ఇల్లు అదే కదా అని మేం అనుకున్నాం. అతను అన్నది ఇంటి గురించి కాదని మామ్మగారు చెప్పారు. పాలు పొంగిపోతుంటే వదిలేసి రోడ్డు దాటే షాట్ గురించి.

ఇప్పుడు రెండో సీజన్ పని నడుస్తోంది. కథ 2001కి జరిగింది. అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది, గోడ మీద రాష్ట్రాలు 28 అయ్యాయి. కలకత్తాని కోల్‌కతా చేయాలి. ఫోను బిల్లు మీద బీఎస్ఎన్ఎల్ వచ్చింది, కరెంటు కార్డు మారింది. ఇంటికి ఫోను వచ్చిందా లేదా అన్నది ఇంకా తేలలేదు. రచయిత రావాలంటాడు, నేను ఇంకో ఏడాది ఆగాలంటున్నాను. మీ ఇళ్లలో ఆ ఏడాది క్యాలెండర్లు, ఎస్టీడీ బూత్ రసీదులు, కేబుల్ బిల్లు కార్డులు ఉంటే దయచేసి పారేయకండి. ముఖ్యంగా పాల లెక్క రాసినవి.